ఇడైసెవల్‌లో ఉండిపోయిన మనిషి

1923 సెప్టెంబరు 16న ఇడైసెవల్ అనే ఊళ్ళో ఒక మగపిల్లవాడు పుట్టాడు. సరిగ్గా వారానికి, 23న, అదే ఊళ్ళో ఇంకొకడు. మొదటివాడు రాజనారాయణన్, రెండోవాడు అళగిరిసామి. ఒకరిది కమ్మ నాయుళ్ళ సేద్యపు కుటుంబం, ఒకరిది కంసాలి ఇల్లు. రెండిళ్ళలోనూ మాట తెలుగే. ఇద్దరి రాతా తమిళమే. అళగిరిసామి ఊరొదిలి మద్రాసు చేరారు, అక్కణ్ణించి మలయా వెళ్ళి పత్రికలో పనిచేశారు, మళ్ళీ మద్రాసొచ్చి 1970లో నలభై ఆరేళ్ళకే పోయారు. ఆ ఏటి సాహిత్య అకాడెమీ అవార్డు ఆయన పోయాక ఆయనకి వచ్చింది. రాజనారాయణన్ ఊళ్ళోనే ఉండిపోయారు. నాగలి, పశువులు, పత్తి చేను, వాన కోసం ఎదురుచూపు, వీటి మధ్యనే అరవై ఐదేళ్ళు దాటేదాకా బతికారు. అకాడెమీ ఆయన్నీ వెతుక్కుంటూ వచ్చింది, 1991లో. తమిళులు ఆయన్ని ప్రేమగా కి.రా. అంటారు.

ఒక పల్లెటూరికి రెండు అకాడెమీలు దక్కడం మాటలు కాదు. ఆ ఊరు తెలుగు మాట్లాడే ఊరు కూడా అయ్యుండి, ఆ సంగతి తెలుగుదేశంలో చాలామందికి తెలియకపోవడం మన నిర్లక్ష్యమే.

మదురైకి దక్షిణంగా వంద కిలోమీటర్లు పోతే కోవిల్‌పట్టి, దానికి కాస్త దూరంలో ఇడైసెవల్. అంతా నల్లరేగడి. తమిళంలో ఈ సీమని కరిసల్ అంటారు. ఏరు లేదు, కాలవ లేదు. వాన పడితే పత్తి, సజ్జ, జొన్న. పడకపోతే అప్పు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టి, సీమని 72 పాళెములుగా పంచాడని చెబుతారు. ఆ పాళెగాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఎట్టయపురం జమీందార్లు తెలుగువాళ్ళే, పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన తెలుగువాడే. కట్టబొమ్మనని కుంపినీవాళ్ళు 1799 అక్టోబరు 16న ఉరితీసిన కయత్తారు ఇక్కడికి దగ్గరే. పాళెగాళ్ళ వెనకా ముందూ నాయుళ్ళు, రెడ్లు, రాజకంబళంవాళ్ళు, కంసాలులు, సాలెలు బళ్ళు కట్టుకుని దిగారు. వీళ్ళలో కోయంబత్తూరు చుట్టూ నిలిచినవాళ్ళు అదే నల్లమట్టిలో అదే పత్తి పండించి, ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి మిల్లులు కట్టారు. పీళమేడు పీఎస్‌జీ కుటుంబం, లక్ష్మీ మిల్స్ కుప్పుస్వామి నాయుడు, మోటార్లూ యంత్రాలతో ఆటలాడిన జి.డి. నాయుడు, అందరూ ఆ కోవలోనివాళ్ళే. డబ్బు అటు పుట్టింది. కథ మాత్రం ఇటు, వాన ముఖం చూడని ఈ దక్షిణపు కొసన పుట్టింది. నాలుగైదు వందల ఏళ్ళుగా ప్రతి ఇంట్లో ముసలమ్మలు చెప్పుకుంటూ వచ్చిన వలస కథని పుస్తకంలో పెట్టినవాడు మిల్లు యజమాని కొడుకు కాడు, అయిదారు తరగతులు దాటి రెండడుగులు వేసి చదువు మానేసిన సేద్యగాడు.

తను వానకి తలదాచుకోవడానికే బడి చూరు కిందకి వెళ్ళాననీ, అప్పుడు కూడా బడిని చూడకుండా వాననే చూస్తూ నిలబడిపోయాననీ కి.రా. చెప్పుకునేవారు. కరిసల్ రైతుకి అది హాస్యమూ కాదు, అతిశయోక్తీ కాదు.

మరుగున ఉండే రచయితలంటే లోకానికి ఒక మోజు. అమెరికాలో శాలింజర్ 1953లో న్యూ హాంప్‌షైర్‌లోని కోర్నిష్ అనే చిన్న ఊరికి వెళ్ళి, 1965 తర్వాత ఒక్క కథా అచ్చు వేయించకుండా 2010లో పోయేదాకా తలుపేసుకున్నాడు. ఆ తలుపు మీదే ఎన్నో పుస్తకాలొచ్చాయి. అంత దూరం ఎందుకు, మదురై ఊళ్ళోనే ప. సింగారం ఉండేవారు. ఇండొనేషియాలో యుద్ధాన్ని కళ్ళారా చూసి తిరిగొచ్చి, దినపత్రికలో ఉద్యోగం చేస్తూ, వైఎంసీఏ గదిలో ఒంటరిగా దశాబ్దాలు గడిపి, రెండంటే రెండు నవలలు రాసి, 1997 చివర్లో చడీచప్పుడూ లేకుండా వెళ్ళిపోయారు. ఆయన 'పుయలిలే ఒరు తోణి' తమిళ నవలల్లో మొదటి వరసలోది. ఆయన మీద వేరే వ్యాసం రాయాలి.

కి.రా. వీళ్ళలాంటి వారు కారు. ఆయన మనుషులకి దూరంగా పోలేదు. పట్నానికి, పత్రికల కొలువుకి, సభలకి దూరంగా ఉన్నారు. తలుపు తీసే ఉంది, వచ్చినవాళ్ళు వచ్చారు. రానివాళ్ళకి ఉత్తరాలు రాశారు. అళగిరిసామితో నడిచిన ఉత్తరాలు తమిళంలో పుస్తకాలకెక్కాయి. చిన్నతనంలో సంగీతం మీద పిచ్చి, విళాత్తికుళం స్వామిగారి దగ్గర నేర్చుకోవాలన్న తపన. క్షయ వచ్చి గొంతు మీద ఆశ పోయింది. కమ్యూనిస్టు పార్టీలో రైతుల వెంట తిరిగారు, జైలుకీ వెళ్ళారు. ముప్పై అయిదు దగ్గరపడ్డాక గానీ కథ మొదలుపెట్టలేదు. ఆలస్యంగా మొదలుపెట్టడం ఆయనకి మేలే చేసిందని నా అనుమానం. కథ రాయడం నేర్చుకునే వయసులో ఆయన కథ వినడం నేర్చుకున్నారు.

ఆ విన్న చెవి ఏం చేసిందో చూడాలంటే 'కతవు' అనే చిన్న కథ చాలు. కతవంటే తలుపు. కథ పిల్లల ఆటతో మొదలవుతుంది. ఒక పేదింటి తలుపుని పట్టుకుని ఊగుతూ పిల్లలు బస్సాట ఆడుకుంటున్నారు. ఒకరు టికెట్టు కొట్టేవాళ్ళు, మిగిలినవాళ్ళు ఎక్కేవాళ్ళు. తలుపు కిర్రుమంటూ ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగితే తిరునెల్వేలి వచ్చేసినట్టే, దిగినవాళ్ళు దిగుతారు, కొత్తవాళ్ళు ఎక్కుతారు. ఆ ఇంటి పిల్లలు లక్ష్మి, శ్రీనివాసన్. తండ్రి మణిముత్తారు ఆనకట్ట పనికి కూలికి వెళ్ళాడు, నెలలైనా కబురు లేదు, పైసా రాలేదు. తల్లి పగలంతా కూలికి పోతుంది. చంటిపిల్లవాణ్ణి లక్ష్మి చూసుకోవాలి. శిస్తు బాకీ పడింది. తలారి మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, ఇంట్లో పట్టుకుపోవడానికి మరేమీ లేక, ఆ తలుపుని ఊడబెరికి పట్టుకుపోతాడు.

ఇక్కడే పనితనం చూడాలి. తలుపు పోతున్నప్పుడు పిల్లలు ఏడవరు. వాళ్ళకదీ ఒక తమాషాయే. తలుపు మోసుకుపోయేవాళ్ళ వెనక ఊరేగింపు కట్టి మేళం వాయిస్తున్నట్టు నోటితో శబ్దం చేస్తూ పరిగెత్తుతారు. చదివేవాడికి గుండె కలుక్కుమనేది అక్కడే. ఏ సగటు కథకుడైనా అక్కడ తల్లి చేత నాలుగు మాటలు తిట్టించేవాడు, లేదా సర్కారుని తనే తిట్టేవాడు. జైలుకెళ్ళొచ్చిన పార్టీ మనిషి కి.రా. ఒక్క మాట అనరు. కార్తీకం చలి వస్తుంది. తలుపు లేని వాకిట్లోంచి గాలి ఇంట్లోకి వస్తుంది. చంటివాడు పోతాడు. ఆ చావు గురించి కథలో ఎంతో సేపు ఉండదు, రెండు మూడు ముక్కల్లో దాటేస్తారు. ఆఖర్న ఊరి చావడి వెనక, చెదలు పట్టి మట్టి కొట్టుకుపోయిన ఆ తలుపు శ్రీనివాసన్ కంట పడుతుంది. పరుగున పోయి అక్కని పిలుచుకొస్తాడు. ఇద్దరూ దాన్ని నిమురుతారు, ముద్దు పెట్టుకుంటారు, గట్టిగా పట్టుకుంటారు. అంతే, అయిపోయింది.

శిస్తు, ఆనకట్ట కూలి, సర్కారు, ఆకలి, అన్నీ కథలో ఉన్నాయి. ఏదీ పేరు పెట్టి పిలిపించుకోదు. చెక్కముక్క మీద ఉన్న ఆ రెండు జతల చేతులే అన్నీ మోస్తాయి. కథ మొదట్లో ఆటకి పట్టుకున్న చేతులే చివర పట్టుకున్నవి. ఆ పట్టు మాత్రం మారిపోయింది, ఆ మార్పుని రచయిత ఎత్తి చూపించరు. నాకు తెలిసినంతలో భారతీయ భాషల చిన్న కథల్లో పది ఎంచమంటే ఇది అందులో ఉండాల్సిందే.

ఇది నేర్చుకున్న శిల్పం లాగా లేదు, అయినా శిల్పమే. కి.రా. రాతలో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది కథ చెప్పే గొంతు. ఆయనకి ముందు తమిళ కథల్లో యాస లేదా అంటే ఉంది, పాత్రలు మాట్లాడేటప్పుడు ఉంది. కథకుడు మాత్రం చదువుకున్న తమిళంలోనే మాట్లాడేవాడు. పాత్రలు అరుగు మీద, రచయిత కుర్చీలో. కి.రా. వచ్చి ఆ కుర్చీ తీసేశారు. వర్ణనా, వ్యాఖ్యా, కథ నడకా అన్నీ కరిసల్ మాటలోనే సాగుతాయి. మనవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది, ఎందుకంటే నామిని 'మిట్టూరోడి కథలు' చదివినవాళ్ళకి ఆ రుచి తెలుసు. చిత్తూరు సీమ నాయుడూ కరిసల్ నాయుడూ ఒకరినొకరు చూసి నేర్చుకోలేదు. ఇద్దరికీ కథలు చెప్పి పెంచిన అమ్మలూ అవ్వలూ మాత్రం ఒకే రకం మనుషులు. నామినిలో ఉండే కసి కి.రా.లో తక్కువ. కి.రా.లో ఉండే తీరిక నామినిలో తక్కువ.

తీరిక అన్నాను గదా, అది 'గోపల్ల గ్రామం'లో చూడాలి. 1976లో వచ్చిన ఈ నవలే ఆయన్ని నిలబెట్టింది. మొదట్లోనే ఒక హత్య. ఒంటరిగా నడిచి వస్తున్న ఒక ఆడమనిషి దాహమేసి చెరువులో దిగుతుంది. ఒంటి మీది నగల కోసం ఒక దొంగ ఆమెని నీళ్ళలో తోసి ముంచుతాడు. మునిగిపోతూ ఆమె వాడి కాలి బొటనవేలు కొరికి పట్టుకుంటుంది. ప్రాణం పోయినా ఆ పట్టు వదలదు. వాడు నీళ్ళలో నిలబడి కాలు లాక్కోలేక, పీనుగుని వదిలించుకోలేక, దొరికిపోతాడు.

ఇలాంటి మొదలు దొరికిన నవలాకారుడు ఎవరైనా ఆ దారినే పరిగెత్తిస్తాడు. విచారణ, శిక్ష, పగ, ఉత్కంఠ. కి.రా. ఆ దొంగని ఊళ్ళోకి తీసుకొచ్చి, గోవిందప్ప నాయకర్ ఉండే కోట్టైయార్ ఇంటి ముందర నిలబెట్టి, మనల్ని ఆ ఇంట్లోకి తీసుకుపోతారు. ఆ ఇంట్లో మంగత్తాయారమ్మ అని 137 ఏళ్ళ ముసలమ్మ ఉంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరుతారు. ఆవిడ నోరు విప్పితే నవల వెనక్కి వెళ్ళిపోతుంది, తెలుగుదేశందాకా. దొంగ అక్కడ నిలబడే ఉంటాడు, వాడి సంగతి తర్వాత. పల్లెల్లో ఇప్పటికీ అంతే. చావు కబురు చెప్పడానికి వచ్చినవాడు కూడా ముందు వాన సంగతి అడిగి, ఆ తర్వాత అసలు సంగతికొస్తాడు. ఆ వరస పుస్తకంలో పెడితే కట్టు సడలిపోతుందని పండితులంటారు. పెట్టి చూపించారు, సడలలేదు. బొటనవేలు పట్టుకున్న ఆ పళ్ళు పాఠకుణ్ణి కూడా పట్టుకునే ఉంటాయి గనక, ముసలమ్మ ఎన్ని పక్కదారులు తొక్కినా మనం కదలం.

ముసలమ్మ చెప్పేది వలస కథ. చెన్నాదేవి అనే పిల్ల అందం చూసి తురక రాజు మనసుపడతాడు. ఇవ్వలేక, కాదనలేక, బంధువులంతా రాత్రికి రాత్రి ఊరొదిలి దక్షిణానికి పారిపోతారు. వెనక సైనికులు, ముందు నిండుగా పారే ఏరు. ఒడ్డునున్న చెట్టు వంగి వాళ్ళని దాటిస్తుంది. ఈ చెట్టు కథని కి.రా. కల్పించలేదు. 1906లో ఫ్రాన్సిస్ అనే అధికారి రాసిన మదురై జిల్లా గెజిటీర్‌లో రాజకంబళం నాయకర్లు ఇదే కథ చెప్పుకుంటారని ఉంది. వాళ్ళ కథలో ఏటికి అటూ ఇటూ ఉన్న కానుగ చెట్లు తలలు వంచి వంతెన కట్టాయి. మా వైపు ఏ తెలుగు కులాన్ని కదిలించినా చెట్టు మారవచ్చు, ఏరు మారవచ్చు, పారిపోయిన పిల్ల పేరు మారవచ్చు, కథ ఇదే.

గెజిటీర్ రాసినవాడికి అది నాలుగు వాక్యాల వింత. అదే సరుకు కి.రా. చేతిలో ఏమైందో పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఆయన చెట్టు వంగిందని నమ్మించబోరు, వంగలేదని నవ్వరు. చెబుతున్నది మంగత్తాయారమ్మ. ఆవిడకి వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పారు. దారిలో పోగొట్టుకున్నవాళ్ళు ఎవరు, ఏ ఊళ్ళో ఎవరు అన్నం పెట్టారు, ఏ చోట ఎందుకు నిలవలేకపోయారు, ఇవన్నీ ఎంతో ఓపికగా వస్తాయి. చెట్టు వంగడం కూడా వాటి వరసలో ఒకటిగా వచ్చి వెళ్ళిపోతుంది. అద్భుతానికి ఎక్కువ చోటు ఇవ్వకపోవడం వల్లే అది నిజంలాగా కూచుంటుంది. ముళ్ళపొదల అడవిని తగలబెట్టి చేను చేసుకోవడం, పశువుల్ని సంపాదించుకోవడం, మొదటి పంట, మిడతల దండు, దివిటీలతో వచ్చిపడే దోపిడీ ముఠా, ఇవి నడిచే పుటలు మాత్రం సేద్యం తెలిసినవాడు తప్ప రాయలేనివి. అడవి కాలుతున్నప్పుడు ఏం వాసన వస్తుందో, కాలిన నేల ఎన్నాళ్ళకి నాగలికి లొంగుతుందో ఆయనకి తెలుసు.

కథంతా బరువుగా ఉంటుందనుకోకండి. అక్కయ్య అనే మగమనిషి ఉంటాడు, ఊరందరినీ నవ్వించేవాడు, పనిలో దిట్ట. ఆ దొంగకి చివరికి కొరత శిక్ష పడుతుంది. ఆ భయంకరమైన పని కూడా ఊరంతా చేరే సంతలాగా నడవడం చూసి మనకి ఒళ్ళు జలదరిస్తుంది, రచయిత గొంతు మాత్రం పెరగదు. చివరికొచ్చేసరికి కుంపినీ పోయి రాణిగారి పాలన వచ్చిందన్న 1858 నాటి కబురు ఊరికి చేరుతుంది. చెప్పేవాడు ఎవరో, వినేవాడు ఏమనుకున్నాడో అన్న ధోరణిలోనే చరిత్ర ఆ ఊళ్ళో అడుగుపెడుతుంది.

దీనికి కొనసాగింపే అకాడెమీ అందుకున్న 'గోపల్లపురత్తు మక్కళ్'. ఆనంద వికటన్‌లో ధారావాహికగా వచ్చింది. స్వాతంత్ర్య పోరాటం గోపల్లపురానికి ఎలా చేరిందో చెబుతుంది. మంచి నవలే, మొదటి దానికి సాటి రాదు. వారం వారం రాసిన తొందర అక్కడక్కడా కనబడుతుంది, పత్రికల్లో చదివిన చరిత్ర ముసలమ్మల చరిత్రని తోసేస్తుంది. అవార్డులు తరచూ ఒక పుస్తకం ఆలస్యంగానే వస్తాయి.

మెచ్చుకోలు ఎంత ఉన్నా ఒక మాట అడగక తప్పదు. వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టినవాళ్ళ కథ ఇది. ఆ అడవిలో అంతకుముందు మేకలు మేపుకున్నవాళ్ళు, తర్వాత ఆ చేలల్లో కూలికి వంగినవాళ్ళు 'గోపల్ల గ్రామం'లో అంచున ఉంటారు. తురక రాజు కథలోకి రాక్షసుడిలా వచ్చి పోతాడు. ముసలమ్మ చెప్పిందాన్ని ముసలమ్మ చెప్పినట్టే ఉంచడం ఆయన బలం, అదే ఆయన హద్దు కూడా. ఆ అంచులు ఆయనకి తెలియక కాదు. 'కిడై' అనే పెద్ద కథలో మేకల కాపరికీ, ఊరు అంటరానిదన్న పిల్లకీ మధ్య ప్రేమ ఉంది. వాళ్ళు కలుసుకున్న వేళ మేకలు చేలో పడి మేసేస్తాయి. ఊరు నష్టం లెక్క కట్టుకుంటుంది, దోషి కోసం జాడలు తీస్తుంది. ఆ పిల్లకి జరిగిన నష్టం ఏ లెక్కలోకీ రాదు. 2003లో ఈ కథని 'ఒరుత్తి' పేరుతో సినిమా తీశారు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1982లో ఆయన కరిసల్ మాటలకి నిఘంటువు తెచ్చారు. విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని, బడి మానేసిన రైతు స్నేహితుల్ని కూడగట్టుకుని చేశాడు. 1989లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని ఆచార్యుడిగా పిలిచింది, అప్పుడు ఇడైసెవల్ వదిలారు. జానపద కథలు వందలకొద్దీ పోగుచేశారు. పల్లెల్లో పెద్దవాళ్ళు చాటుగా చెప్పుకునే మోటు కథల్ని కూడా సిగ్గుపడకుండా అచ్చువేశారు. ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళు వేసుకున్నారు, కొనుక్కున్నవాళ్ళు కొనుక్కున్నారు. 2021 మే 17న పుదుచ్చేరిలో, 97 ఏళ్ళు నిండి, పోయారు. తమిళనాడు ప్రభుత్వం ఇడైసెవల్‌కి తీసుకొచ్చి ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. సాహిత్యకారుడికి అలాంటి మర్యాద ఆ రాష్ట్రంలో అరుదు.

కి.రా.ని చదవాలనుకునే తెలుగు పాఠకుడికి నా సలహా ఇది. అవార్డు చూసి 'గోపల్లపురత్తు మక్కళ్'తో మొదలుపెట్టకండి. 'కతవు' చదవండి, పావుగంట పని. తర్వాత 'కిడై'. ఆపైన 'గోపల్ల గ్రామం'. తమిళం రాకపోతే ఆంగ్లంలోనో తెలుగులోనో దొరికినది పట్టుకోండి. తమిళం కూడబలుక్కోగలిగితే మాత్రం ఎవరి చేతనైనా పైకి చదివించుకుని వినండి. ఆ రాత చెవికోసం రాసింది.